రెండూ ఈ ఆదివారమే

సుధా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు నిద్ర మానుకుని ఆట చూసిన ఆ బ్యాడ్మింటన్ అమ్మాయి ఈరోజు యలహంకలో కొత్త కోర్టు ప్రారంభానికి వస్తోంది. అదే సమయానికి, కాలేజీ రోజుల నుంచి నేను చదువుతున్న తత్వవేత్త ఊరికి ఆ చివరనున్న జయనగర్‌లో మాట్లాడుతున్నారు. పెద్దాయన, మళ్లీ వస్తారో రారో.

"నువ్వు పోయి చూస్తే చెల్లెలు చూసినట్లేనా? నీకు ఆ ఆట యాడ తెలుసు?" అంది అమ్మ. నిజమే. ఆ పెద్దాయన్ని అడగడానికి బోలెడు ప్రశ్నలున్నాయి. ఈ బ్యాడ్మింటన్ అమ్మాయితో ఏం మాట్లాడాలి? నీ గురించి చెబితే జాలిపడుతుందేమో, అది నీకు నచ్చదు.

ఆటో అతను "యాడికక్కా?" అన్నాడు. యలహంక అనేశాను. నీ కోసమో, నా కోసమో తెలీదు. ఇప్పుడు దారిలో ఫోనులో ఆట నియమాలు చదువుతున్నాను, పరీక్షకు పోతున్నట్టు. సర్వీసు ఏ గీత లోపల పడాలో ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. నువ్వైతే రెండు తిట్టి చెప్పేదానివి.