ఇంజిన్ దించిన నెల

మార్చి 4

బండి మళ్లీ ఆగింది, నడిరోడ్డు మీద, ఐసు దిమ్మలతో. లోడెత్తే మనిషి రాలేదని ఇవాళ నేను వెళ్లాను కాబట్టి తోయడం కూడా నా వంతే అయింది. చేపల మార్కెట్ చేరేసరికి సగం ఐసు నీళ్లై కారిపోయింది. ఇంజిన్ బాగుచేయించుకుని రమ్మన్నాడు ఐసు ఫ్యాక్టరీ ఓనరు. ఆ తర్వాత ఒక్కసారి ఆగినా ట్రిప్పులు వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. మాకున్నది ఆ ఒక్క పికప్పు, ఆ ఒక్క పని.

మార్చి 5

పొగ చూడగానే ఇంజిన్ దించాల్సిందే అన్నాడు మెకానిక్ షెడ్డు మేస్త్రి. బోరు, పిస్టన్లు, బేరింగులు, అన్నీ. ఈయనేమో పైపైన చూసి పంపమంటారు. దించమని నేనే చెప్పాను. అతుకుల సంసారం చేసీ చేసీ విసిగిపోయాను.

మార్చి 8

షెడ్డులో కూర్చున్నాను. ఇంటికొచ్చాను.

మార్చి 9

మేస్త్రి అరిగిపోయిన బేరింగు చేతిలో పెట్టాడు. ఇలా అవ్వాలంటే నెలల తరబడి టకటకా కొట్టుకుని ఉండాలట. వీధి చివరికి వినపడుతుంది, అన్న ఎందుకు పట్టించుకోలేదు అని అడిగాడు. మొన్న నాకూ వినపడింది. పాత బండి, మూలుగుతుందిలే అనుకున్నాను. నాకైతే తెలియదు, రోజూ నడిపే ఈయనకి తెలియాలి కదా. ఇంటికొచ్చి కడిగేశాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. పేపరు తిప్పుకుంటూ కూర్చున్నారు.

మార్చి 13

ఈయన అక్క, మా వదినగారి ఫోన్. మోకాలు వాచిందని తమ్ముడికి చెప్పుకుంటే "చాలా సంతోషం అక్కా" అన్నాడట. తప్పు ఫోనుదన్నాను. మా ఇంట్లో అన్నీ పాతవే అన్నాను. ఆవిడ నవ్వలేదు.

మార్చి 18, మధ్యాహ్నం

ఇంజిన్ ఎక్కించారు. కొన్నాళ్లు సగం లోడే వెయ్యాలి, రేజ్ చెయ్యకూడదు, కొత్త కోడలిని చూసుకున్నట్టు చూసుకోవాలి అన్నాడు మేస్త్రి. ఈయన ఎక్కి తాళం తిప్పారు. ఒక్కసారికే అందుకుంది. ఎంత మెత్తగా నడిచిందంటే షెడ్డులో పనులాపి అందరూ విన్నారు.

ఈయన మళ్లీ సెల్ఫ్ కొట్టారు.

నడుస్తున్న ఇంజిన్ మీద సెల్ఫ్ కొడితే పళ్లు రాసుకుని ఎలా కీచుమంటుందో ఇవాళే విన్నాను. మేస్త్రి వద్దని అరిచాడు. ఈయన మూడోసారి కొట్టారు. మేస్త్రి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఈయన మణికట్టు పట్టుకున్నాడు. ఇన్నాళ్లు పెట్టుకుని ఏం చేశావు, స్టార్టే అవ్వట్లేదు అని ఈయన అతని మీద విరుచుకుపడ్డారు.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మార్చి 18, సాయంత్రం

ఎదురుగా కూర్చుని ఒక్కో మాటా విడదీసి అడిగాను. దాచలేదు. ఏడాది దాటిందట. చెబితే స్టీరింగ్ లాక్కుంటారని భయం.

"పాతది ఒళ్లంతా ఊపేసేది, దాన్నిబట్టి నడిపాను. ఇది తెలియట్లేదు" అన్నారు.

ఏడాదిగా వెనక మోగిన ఒక్క హారనూ వినకుండా ఆ రోడ్డు మీద తిరిగిన మనిషి. కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. దున్నపోతు అన్నందుకు సిగ్గేసింది.

మార్చి 21

చెవుల డాక్టరు మిషన్ పెట్టుకోమన్నాడు. అది వచ్చి అలవాటయ్యేదాకా బండి ముట్టుకోకూడదన్నాడు.

మార్చి 22

నాకు లైసెన్సు ఉంది. పెళ్లికి ముందు నాన్న దగ్గరుండి తీయించాడు. ఎందుకో రెన్యూ చేయిస్తూ వచ్చాను. ఈయన ఏనాడూ స్టీరింగ్ ఇవ్వలేదు. మేస్త్రిని అడిగితే, ఈ ఇంజిన్‌కి ఇప్పుడు భయపడుతూ నడిపేవాళ్లే మంచిదక్కా అన్నాడు. ఆ లెక్కన నన్ను మించినవాళ్లు లేరు.

మార్చి 27

షెడ్డు వెనక ఖాళీ జాగాలో అయిదు రోజులుగా ప్రాక్టీసు. క్లచ్ మీద ఎడమకాలు నాది కాదు. ఈయన పక్క సీట్లో బిగుసుకుని కూర్చుంటారు, ఏమీ అనరు. తిట్టినా తేలిగ్గా ఉండేది.

ఏప్రిల్ 2

సగం లోడు. ఎక్కడా ఆగలేదు. ఐసు దిమ్మలు దిమ్మల్లాగే చేరాయి.

మార్కెట్ దగ్గర ఈయన దిగకుండా కూర్చుని అడిగారు, ఇంజిన్ చప్పుడు ఎలా ఉందని. అసలు చప్పుడే లేదండీ అని చెవి దగ్గర అరిచాను.

"అయితే ఇద్దరికీ ఒకటే వినపడుతోంది" అన్నారు.