మూడో సీసా ఎవరు తెరవాలి

నేను, ద్రాక్షతోట మేస్త్రీ పెద్ద కూతురిని, రిటైరైన భూముల సర్వేయరు భార్యను, పళ్ళ డాక్టరు తల్లిని, వయసు డెబ్బై ఒకటి, మా వంటగది బల్ల దగ్గర కూర్చుని, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, స్థిమితమైన మనసుతో రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె ఒక్కటే స్థిమితంగా లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. ముక్కు, నాలుక సక్రమంగా పనిచేస్తున్నాయి. ఆ సంగతి ఆయన రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నోటితో అన్నవి మాత్రం చాలా ఉన్నాయి. "నేను పోయాక ఎవరేం చేసుకుంటే నాకేంటి" అన్నదానితో సహా అవన్నీ రద్దు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా తమ్ముడిది. వాడు గడియారాలు బాగుచేస్తాడు, ఓపికున్నవాడు. అయితే బావగారు గట్టిగా దగ్గితే చాలు, సరేనంటాడు. అందుకని నా కూతుర్ని వాడికి తోడు పెడుతున్నాను. దాని ముందు ఎంతటివాళ్ళైనా నోరు తెరుస్తారు గాని మాట్లాడలేరు.

2. ఈ ఇంట్లో నా సగభాగం, సామానుతో సహా, నా తదనంతరం సర్వహక్కులతో మా ఆయనకే చెందుతుంది. స్నానాలగది గడియ పడాలంటే తలుపు కాస్త పైకెత్తాలి. పెళ్ళైనప్పటి నుంచీ ఎత్తుతున్నది నేనే కాబట్టి ఆయనకు తెలియకపోవచ్చు.

3. మా నాన్న తీగలు కత్తిరించిన కత్తెర మా తమ్ముడికి. దాని పిడి నాన్న ఎడమచేతికి తగ్గట్టు అరిగింది. వాడు కూడా ఎడమచేతివాటమే. ఇంకెవరికిచ్చినా అది పనికిరాదు.

4. హోటల్ భోజనశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను వైను వడ్డించిన సరంజామా, అంటే నల్ల ఏప్రను, బిరడా తీసే మర, పాత బిరడాలకు వాడే రెండు రేకుల పట్టకారు, నా కూతురికి. ముసలి బిరడా, ముసలి పన్ను ఒకటేనమ్మా, తొందరపడితే సగంలో విరుగుతుంది. నీకు ఆ పనితనం నా నుంచే వచ్చిందని నా నమ్మకం. మీ నాన్న తన నుంచి అంటారు, అననీ.

5. మా ఆయన వెళ్ళే వైను రుచుల సంఘానికి అధ్యక్షుడు, వీధి వీధంతా ముక్కాయన అని పిలుచుకునే పెద్దమనిషికి, రెండు పేజీల కాగితం. దాని చరిత్ర ఇది. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఒకే కొండవాలు మీద ఒకే తోట చూసుకున్నాడు. ఆయన దగ్గరుండి కోయించిన చివరి పంట వైనుగా మారకముందే పోయాడు. ఒక్క చుక్కా నోట పడలేదు. పక్క తోటల పండు కలపకుండా, అచ్చంగా ఆ తోటదే పీపాల్లో పోసి నిలవబెట్టిన యజమాని, సీసాల్లోకి ఎత్తగానే మూడు సీసాలు నా పేరున పంపాడు. పంతొమ్మిదేళ్ళ కిందట నేను హోటల్లో విందు పనిలో ఉండగా, మా ఆయన మొదటి సీసాను ముక్కాయనకూ ఆయన సంఘానికీ తెరిచిపెట్టారు. నేను ఇంటికొచ్చేసరికి సీసా ఖాళీ. "నీకోసం దాని వాసనలూ రుచులూ అన్నీ రాయించి పెట్టానే, చదువుకో" అని ఈ రెండు పేజీలు నా చేతిలో పెట్టారు. అందులో తడిసిన తోలు ఉంది, మూసేసిన గ్రంథాలయం ఉంది, చివర్లో కాస్త విచారం ఉంది. మా నాన్న దగ్గర చెమట వాసన, తీగలకు చల్లే గంధకం వాసన వచ్చేవి. ఆ రెండూ జాబితాలో లేవు. ముక్కాయనగారు తమ రచనను స్వీకరించగలరు. దాహం వేసినప్పుడు చదువుకోవచ్చు.

6. ఇక సీసాల సంగతి. రెండోదాన్ని మా ఆయన అద్దాల బీరువాలో, దీపం కింద, నాలుగేళ్ళు నిలబెట్టారు. పడుకోబెట్టండి, బిరడా తడిగా ఉండాలి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "పడుకోబెడితే పేరు ఎలా కనబడుతుందే" అన్నారు. బిరడా ఎండింది, గాలి దూరింది, వైను పులిసి పాడైంది. దాన్ని నేను ఉల్లిపాయ ముక్కల మీద చల్లి వడ్డిస్తే ఆయన పళ్ళెం నాకి, "ఈ పుల్లనీళ్ళు ఏ కొట్లో తెచ్చావు, ఇంకో రెండు సీసాలు తెచ్చిపెట్టు" అన్నారు. ఏ కొట్లోదో ఇవాళ చెబుతున్నాను.

మూడోది మెట్ల కింద అల్మారాలో పడుకుని ఉంది. వయసు ముప్ఫై మూడు. కూతురి పెళ్ళికి అడిగాను, నా రిటైర్మెంటుకు అడిగాను, కిందటేడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినరోజు అడిగాను. అడిగినప్పుడల్లా "దానికింకా టైము రాలేదే" అన్నారు. ఇంకా తొమ్మిదేళ్ళు ఆగాలని ముక్కాయన సెలవిచ్చాడట. నా గుండె చూసిన డాక్టరు తొమ్మిదేళ్ళ మాట ఎత్తలేదు.

"తాళం నీ దగ్గరే ఉంది, సీసా నీది, తెరవడం నీ వృత్తి. నువ్వే తీసుకు తాగొచ్చుగా అక్కా" అన్నాడు తమ్ముడు. తాగొచ్చు. కాని ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరికీ నేనే తెరిచి పోశాను. ఒక్కసారి నన్ను కూర్చోబెట్టి ఎవరైనా నాకోసం తెరిస్తే బాగుండునని ఉంది. ఆ ఎవరైనా ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

7. కావున సదరు సీసాను నా తదనంతరం ఒక నెలలోపు మా ఆయన స్వయంగా, ఈ కింది విధంగా తెరవాలి. రెండురోజుల ముందే నిటారుగా నిలబెట్టి, మడ్డి అడుక్కి దిగేదాకా ముట్టుకోకూడదు. సంఘం పుస్తకంలో ఉన్నట్టు రెండు గంటలు గాజు కూజాలో గాలికి ఉంచడం కుర్ర వైనుకు చెల్లుతుంది, ముసలిదాన్ని అంతసేపు గాలికి పెడితే ప్రాణం పోతుంది. కూజాలోకి ఒంపగానే గ్లాసుల్లో పోయాలి. ఒంపేటప్పుడు సీసా మెడ కింద టార్చి పెట్టుకుని, మధ్యలో ఆపకుండా, ఒకే ధారగా ఒంపాలి. మడ్డి మెడ దాకా రాగానే ఆపాలి. గ్లాసులో మూడో వంతే పోయాలి. మజ్జిగ చిలికినట్టు గ్లాసు తిప్పకూడదు. మొదటి గుక్క అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఎప్పటికీ ఎవరూ రాయకూడదు. ఆ పూట ముక్కాయన మా వీధి మలుపు ఇవతల కనబడకూడదు.

8. నెల దాటినా టైము రాలేదంటే, సీసా మా తమ్ముడికి పోతుంది. వాడు అందులో పంచదార, ఐసు వేసుకుని తాగుతాడు. మా ఆయన ఎదురుగా కూర్చుని చివరిదాకా చూడాలి.

9. ఒకవేళ నేను బతికుండగానే ఆయన ఆ సీసా తెరిస్తే, 6, 7, 8 అంశాలు వాటంతటవే రద్దవుతాయి. ఆయన నా కాగితాలు చదవరు. కాని కళ్ళజోడు పెట్టె కోసం రోజుకు పదిసార్లు వెతుకుతారు కాబట్టి, ఈ వీలునామాను, అల్మారా తాళంచెవిని దాని కిందే పెడుతున్నాను.

ఇది నా ఇష్టపూర్వకంగా, నా స్వహస్తంతో రాసింది.

మూడో తేదీ, శనివారం.
సంతకం: మేస్త్రీ కూతురు
సాక్షులు: 1. ఎదురింటి దర్జీ ఆవిడ 2. మా పోస్ట్‌మాన్

అనుబంధం

చదివారు. కళ్ళజోడు పెట్టె కింద తాళంచెవి మాయమైంది. శుక్రవారం పొద్దున చూస్తే వంటగది మూల సీసా నిలబడి ఉంది. పక్కన సర్వేయరు దస్తూరీతో "ముట్టుకోరాదు" అని చీటీ.

ఆదివారం మధ్యాహ్నం కుర్చీ లాగి, "కూర్చో, లేవకు" అన్నారు. బిరడా సగంలో విరిగింది. లేవబోయాను, కూతురు భుజం పట్టుకుని ఆపింది. మిగతా సగం దానికి రాసిచ్చిన రెండు రేకుల పట్టకారుతో ఆయనే తీశారు. సీసా మెడ కింద టార్చి పెట్టి, జన్మంతా కొలతల దుర్బిణిలోంచి చూసినట్టే ఒక కన్ను మూసుకుని ఒంపారు. మడ్డి దగ్గర ఆయన ఆపినంత కచ్చితంగా నేను కూడా ఎన్నడూ ఆపలేదు. మొదటి గ్లాసు నాకిచ్చారు.

అందులో ఏమున్నాయో రాయను, ఏడో అంశం రద్దైనా నాకూ వర్తిస్తుంది. నాన్న గుర్తొచ్చాడు, ఏడ్చాను, అంతే. పావుగంట బతికింది ఆ వైను. తర్వాత అలిసిపోయి నీళ్ళలా అయింది. మా ఆయన జేబులోంచి నోటుబుక్కు తీసి, నా ముఖం చూసి, మళ్ళీ జేబులో పెట్టేశారు. "ఆలస్యం చేశానే" అన్నారు. నేను కాదనలేదు.

6, 7, 8 అంశాలు రద్దు. మిగతావన్నీ యథాతథం. ఖాళీ సీసా, అడుగున ఉన్న మడ్డితో సహా, మా ఆయనకు సర్వహక్కులతో చెందుతుంది. అద్దాల బీరువాలో, దీపం కింద, పేరు కనబడేలా, ఇక ఎన్నాళ్ళైనా నిలబెట్టుకోవచ్చు.

పదకొండో తేదీ, ఆదివారం.
సంతకం: మేస్త్రీ కూతురు
సాక్షులు: 1. ఎదురింటి దర్జీ ఆవిడ 2. ముక్కాయన (సీసా ఖాళీ అయ్యాకే లోపలికి పిలిచాం)