మెర్సీ గడ్డం మీద మచ్చ పడకూడదు

వదినా, మెర్సీ లేచాక గడ్డం మీది గాయాన్ని మంచినీళ్ళతో, సబ్బు నురగతో మెల్లగా కడుగు. మెత్తటి గుడ్డతో అద్ది, పల్చగా వేజ్‌లైన్ రాసి కొత్త ప్లాస్టర్ వెయ్యి. గోళ్ళు కత్తిరించు, నిద్రలో గీరుకుంటోంది. మానాక కూడా కొన్నాళ్ళు టోపీ లేకుండా ఎండలోకి పంపకు, కొత్త చర్మం నల్లబడుతుంది.

నేను ఆరింటి బస్సుకు వెళ్ళిపోతున్నాను. విజయనగరంలో ట్రైనింగ్ శనివారం దాకా. మనసు మాత్రం ఇక్కడే, నా కూతురి దగ్గరే కొట్టుకుంటోంది.

నిన్న నేను స్నానానికి వెళ్ళగానే అమ్మ ప్లాస్టర్ పీకేసి, పిల్లను పడవల దగ్గరకు తీసుకెళ్ళి సముద్రపు నీళ్ళతో గడ్డం కడిగేసింది. పైన కాఫీపొడి అద్దింది. అడిగితే, "ఉప్పునీళ్ళు తగిల్తే పుండు ఎండిపోతాది. డిగ్రీ సదివీసి నాకే సెప్తావేటే?" అంది. గాయం ఎండకూడదు వదినా, తేమగా ఉంటేనే మచ్చ తక్కువ పడుతుంది. నా చెంప మీదిది అలా ఎండబెట్టిన మచ్చే. ఫోటో తీసినప్పుడల్లా "మొకం అటు తిప్పే" అనేదీ ఆవిడే.

కాఫీపొడి డబ్బా బియ్యం డ్రమ్ము వెనక దాచాను. నాలుగు రోజులు టీ తాగండి.

గ్లోరీ

ఇంకొకటి. అమ్మ డబ్బా కోసం వెతికితే కేకలెయ్యకు. నిన్న నేను వేశాను, అన్నం తినకుండా పడుకుంది. నాకు దెబ్బ తగిలిన రోజు ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. నాన్న సముద్రం మీదికి చేపల వేటకెళ్ళారు. ఏం చెయ్యాలో చెప్పడానికి పక్కన ఒక్కరూ లేరు. కోపమొచ్చినప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్లను ఒక్కసారి తలుచుకో.