ఉప్పు లేని నువ్వుల పొడి

బెల్లంపల్లి,
ఆదివారం.

మా రాజవ్వ అక్కకు తమ్ముడు నర్సయ్య దండాలు పెట్టి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు అందరూ బాగున్నారని నమ్ముతున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది బావే కనుక ముందే ఒక మాట. బావా, మధ్యలో ఏ ముక్కా మింగకుండా చదువు. నీకు ఆ అలవాటు ఉంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. బొగ్గు దుమ్ము పడిన నేల పెనంలా కాలుతున్నది. జ్వరం తర్వాత నన్ను గనిలోకి దింపడం లేదు, పైనే బొగ్గులో రాళ్ళు ఏరే పని ఇచ్చారు. పని తేలికే, ఫికర్ చేయకు. ఒళ్ళు బాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. మన ఇంటి మగ్గం చప్పుడు లేకుండా తెల్లవారడం ఇన్ని నెలలైనా అలవాటు కాలేదు. ఇంత మంది జనంలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరే ఇద్దరు.

వాళ్ళు గణపతి, దావీదు. ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. గణపతిది మరాఠీ సరిహద్దు పల్లె. గనిలో తూటాలు పేల్చీ పేల్చీ అతని చెవులు పోయాయి. దావీదుకు చిన్నప్పుడే చూపు పోయింది. మిషన్ బడిలో కుర్చీలకు బెత్తం అల్లుతాడు. ఆదివారం అతను ప్రార్థన నుంచి రాగానే ముగ్గురం కలిసి వంట మొదలుపెడతాం.

పొయ్యి, మంట గణపతి చూసుకుంటాడు. అన్నం ఉడికిందా, పోపు వేగిందా అన్నది దావీదు చెవితో, ముక్కుతో చెబుతాడు. కానీ అతను అరిస్తే గణపతికి వినబడదు, గణపతి సైగ చేస్తే అతనికి కనబడదు. అందుకని దావీదు పక్కన రోకలి పెట్టుకుంటాడు. నేల మీద ఒక్క దెబ్బ వేస్తే మంట తగ్గించాలి, రెండు వేస్తే గిన్నె దించాలి. గణపతికి ఆ దెబ్బలు అరికాళ్ళకు తెలుస్తాయి. పక్క గది ముసలమ్మ "గీ ముగ్గురు ఐతారమొస్తే ఏం దంచుతుండ్రే?" అని నవ్వుతుంది.

మరి నా సంగతి? ఇన్నాళ్ళు నీ దగ్గర దాచింది అదే అక్కా. జ్వరం పోతూ పోతూ నా ముక్కుకు వాసన, నాలుకకు రుచి లేకుండా చేసి పోయింది. ఉప్పో పులుపో తెలియదు. కూరగాయలు కోయడం, నీళ్ళు తేవడం, తినడం, అంతే నా వంతు. నువ్వు పంపినవన్నీ అమృతంలా ఉన్నాయని రాసిన మాటలు అబద్ధం. సెలవు దొరకలేదని రాసిందీ అబద్ధమే. నీ ఎదుట మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నా మొహం చూసి కనిపెడతావని భయపడి రాలేదు.

కొత్తగా పంపిన నువ్వుల పొడి కూడా బ్రహ్మాండంగా ఉందని కార్డు రాశాను కదా. ఈ రోజు దావీదు దాన్ని వేడి అన్నంలో కలుపుకొని ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

"నర్సన్నా, గీ పొడి ఎవలు చేసిండ్రు?"

"మా అక్క."

"ఇండ్ల ఉప్పు లేదే."

"జర సరిగ్గ చూడు."

"ఇంకేం చూస్తనే? ఒక్క పలుకు సుత లేదు."

గణపతి కూడా నాలుక మీద వేసుకొని మొహం చిట్లించి, గది అదిరేలా "కాయ్ రే! మీ అక్క మనకు పత్యం పెడ్తుందా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నువ్వు ఉప్పు మరిచే మనిషివి కాదు. రెండు రకాలు చేసి ఉంటావు. నాకు పంపవలసిన డబ్బా ఇంట్లో ఉండిపోయి, నువ్వు తినే డబ్బా నాకు వచ్చింది. నాకు అమ్మవారు పోసినప్పుడు, నేను బతకాలని మొక్కుకుని అవ్వ ఉప్పు విడిచింది గుర్తుందా? నేను లేచి తిరిగాక, నా చేతితో తన కంచంలో ఉప్పు వేయించుకుని మొక్కు దించుకుంది. నాకు జ్వరమని తెలిసిన నాడే నువ్వూ ఉప్పు విడిచావు కదా? నేను వచ్చి వేసేదాకా నువ్వు తినవు. నేనేమో రాకుండా ఇక్కడ దాక్కున్నాను. ఈ పది నెలలూ చప్పిడి కూడు తిన్నావా అక్కా? నాకు ఏడుపు ఆగలేదు.

దావీదుకు అంతా చెప్పాను. "నువ్వు బతకాల్నని మొక్కింది, బతికినవ్. నాలుక సంగతి తర్వాత, ముందుగాల ఇంటికి పో" అన్నాడు. గణపతికి ఏమీ వినబడలేదు, అయినా దండెం మీది నా సంచి తీసి చేతికిచ్చాడు.

నాకు పూర్తిగా నయం కాలేదని మొక్కు పొడిగిస్తావేమో, అదొక్కటే నా భయం. వద్దు. ప్రాణం దక్కింది, మొక్కు తీరింది.

వచ్చే శనివారం పెద్దపల్లిలో రైలు దిగి, బస్సు పట్టుకొని వస్తాను. బావ మోకాలితో ఎదురు రావద్దు. చిన్నాయనకు, వాడకట్టు పెద్దలకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు.

నేను వచ్చేసరికి నీ కంచంలో అన్నం పెట్టుకొని కూర్చో. ఉప్పు నేను వేస్తాను. ఎంత వేయాలో నాకు తెలియదు, చాలు అని నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ తమ్ముడు
నర్సయ్య