లక్ష్మవ్వ నువ్వుల చేను

మంగళవారం రాత్రి, నాగిరెడ్డిపేట

పొద్దున అడవి అంచున మా తేనె పెట్టెల ముందు తేనెటీగలు కుప్పలుగా చచ్చిపడి ఉన్నాయి. పక్కనే లక్ష్మవ్వ నువ్వుల చేను పూత మీద ఉంది. ఆమే మందు కొట్టిందనుకున్నాను. పక్క పొలంలో కలుపు తీస్తున్న కూలీలందరూ చూస్తుండగా ఆ ముసలామె మీద అరిచాను.

"నేను కొట్టలే బిడ్డా" అంది.

"అబద్ధాలాడకు!" అన్నాను.

మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన చెప్పాడు. "తెల్లారంగనే మన వంకాయ తోటకు మందు కొట్టిన. ఈగలు బయటికి రాకుంట పెట్టెలు మూయుమని నీకు చెప్పుడు మరిచిన."

తప్పు ఒప్పుకుందామని సాయంత్రం లక్ష్మవ్వ ఇంటికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే చాప వేసి కూర్చోబెట్టింది.

"నా చేనుకు పురుగు వట్టింది బిడ్డా. అయినా మందు కొట్టలే. పువ్వు మీద నీ ఈగలు వాలుతయి గద" అంది. "ఏమన్న మిగిలినయా?"

"కొన్ని బతికినయి అవ్వా" అన్నాను. అంతే. మందు కొట్టింది మేమేనని చెప్పలేక లేచి వచ్చేశాను.

పొద్దున నా గొంతు ఎంత గట్టిగా లేచింది! రేపు ఆ కూలీలు మళ్లీ అక్కడికే వస్తారు. ఆమె అబద్ధమాడలేదని వాళ్లకు నేనే చెప్పాలి. చెప్తానని రాస్తున్నాను గానీ, ఆమె ఒక్కతే ఎదురుగా ఉన్నప్పుడే రాని మాట...