గురువారం గేటు

ఫిబ్రవరి 11, మంగళవారం
మధ్యాహ్నం, కొట్లోంచి

నా చెల్లెలికి,

ప్రభువు కాపుదల నీ ఇంటి మీద ఉండాలని కోరుకుంటూ అన్నయ్య రాస్తున్నాను. నేనూ మీ వదినా ఒంట్లో బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాలుగు నెలలుగా వదినతో తప్ప నాతో మాటల్లేవు నీకు. నేను ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వు చింపేయాలనుకున్నా, నాలుగు వరసలు చదివాకే చింపుతావని ఆశ.

కొట్టు కబుర్లు ఏమున్నాయి! కుట్టుమిషన్లు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గారు. నాకు చూపు తగ్గింది. మిషను సరిచేశాక కుట్టి చూడాలంటే, సూదిలో దారం మీ వదినే ఎక్కించాలి. ఎక్కిస్తూ, "ఊళ్ళో వాళ్ళ తప్పులు ఫర్లాంగు దూరం నుంచి కనపడతాయి, ఈ బెజ్జం మాత్రం కనపడదు ఈ మనిషికి" అంటుంది. ఇదివరకైతే వాక్యం తీసి తిరగబడేవాణ్ణి. ఇప్పుడు దారం అందుకుని మిషను తొక్కుతున్నాను.

నీతో చెప్పాల్సింది ఒక్కటే. మీ ఆయన్ని ఇంట్లోకి రానివ్వు. టీవీ వాళ్ళకి కబురు అందించింది ఆయన కాదు.

నీ కోపం నాకు తెలుసు. అమ్మగారని మీరు పిలిచే ఆ సినిమా నటి బట్టలు పందొమ్మిదేళ్ళుగా చూసేది నువ్వు, పన్నెండేళ్ళు ఆవిడ కారు నడిపింది ఆయన. గురువారాలు ఆవిడ వెళ్ళే చోటు తెలిసింది మీ ఇద్దరికే. "నేను నోరు విప్పలేదు, కాబట్టి విప్పింది నువ్వే" అని తేల్చేశావు. సంచీ గుమ్మం బయట పెట్టి తలుపేసుకున్నావు. ఆయన ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదనీ, అదే ఒప్పుకోవడమనీ మీ వదినతో అన్నావట. ఇప్పుడాయన కూరగాయల లారీ నడుపుతున్నాడు, లారీ షెడ్డులోనే రేకు పెట్టె పక్కన పడుకుంటున్నాడు. మొన్న శనివారం బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. నీ వీధి మలుపు దాకా కూడా వచ్చాను. అక్కణ్ణుంచి అడుగు పడలేదు.

ఆ ఫొటో సంగతి ఎత్తడం నాకిష్టం లేదు, ఎత్తకుండా ఈ మాట తెగదు. ఏటి ఒడ్డున ఇనప గేటు. తల మీద శాలువా కప్పుకుని, ముఖం దించుకుని బయటికొస్తున్న అమ్మగారు. గేటు ప్రతిపక్ష నాయకుడిది. అంతే, లోకానికి అంతే చాలింది. ఆ గేటు వెనక నాయకుడి ఇల్లొక్కటే కాదు, రెండు భవనాలున్నాయని ఎవరూ చూపించలేదు. వెనక భవనం మతి తప్పినవాళ్ళని చూసుకునే ఇల్లని, అందులో అమ్మగారి అన్న పదకొండేళ్ళుగా ఉంటున్నాడని, ఆవిడ గురువారం గురువారం వెళ్ళి ఆయన గోళ్ళు తీసి, తల దువ్వి, రెండు ముద్దలు తినిపించి వస్తుందని ఎవరికీ పట్టలేదు. అందరూ అడిగింది ఒక్కటే, శాలువా ఎందుకు కప్పుకుందని. టై కట్టుకున్న చదువుకున్న మనిషొకడు తొమ్మిది రోజులు అదే ప్రశ్న అడిగాడు.

ఫొటో టీవీలో వచ్చిన ఉదయమే వంతెన నివేదిక బయటికి రావాలి, గుర్తుందా? ముప్పై నలుగురు కూలీలు కింద నలిగి చచ్చిన వంతెన. కట్టింది మంత్రిగారి బావమరిది. ఆ ప్రతిపక్ష నాయకుడు ఏడాదిగా ఆ కాగితాల కోసమే గొంతు చించుకున్నాడు. ఫొటో వచ్చాక ఆయన నోరు తెరిస్తే చాలు, "ముందు గేటు సంగతి చెప్పవయ్యా" అని జనం ఈలలు. నివేదిక సాయంత్రం వచ్చింది. ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

నేను చదివింది వేరే. ఆదివారం మన ప్రార్థన హాల్లో ఆవిడ మీద ప్రసంగం మొదలుపెట్టాను. ఎవరో ఫోన్లో తీసి లోకం మీదికి వదిలారు. బుధవారానికి మంత్రిగారి పార్టీ వాళ్ళు ఎన్నికల ప్రచారానికి వ్యాను పంపారు, మైకు పంపారు. పదకొండు ఊళ్ళు తిరిగాను. గోడల మీద నా బొమ్మ, కింద "ఉరుము అయ్యగారు" అని. గ్రంథంలో చెడిన ఆడదాని మాట ఎక్కడుంటే అక్కడ చీటీ పెట్టి, అన్నీ ఏరి తెచ్చి ఆ బిడ్డ నెత్తిన కుమ్మరించాను. ఆ పక్క పేజీల్లోనే ప్రవక్తలు బీదల నెత్తురు గురించి, తీర్పు అమ్ముకునే అధికారుల గురించి నిప్పులు కక్కారు. ఆ పేజీలు నాకు కంఠతా వచ్చు. తిప్పలేదు.

ఎన్నికలయ్యాక మూడో వరసలో కూర్చునే సిమెంటు పనావిడ కొట్టుకొచ్చింది. ఆమె మొగుడు ఆ వంతెన కిందే పోయాడు. "అయ్యగారూ, ఆ సినిమా ఆవిడ గురించి అన్ని మాటలు మాట్లాడారు కదా, మా ఆయన్ని కూడా ఒక్కసారి తలుస్తారేమోనని మైకు పక్కనే నిలబడ్డానండీ" అంది. కోపంగా అంటే ఏదో వాక్యంతో నోరు మూయించేవాణ్ణి. ఆమె మామూలుగా అంది, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అమ్మగారి అన్న సంగతి మీ వదిన చెప్పింది. కెమెరాల వాళ్ళు గోడలెక్కుతుంటే ఆ ఇంటివాళ్ళు భరించలేక వేరే చోటికి మార్చమన్నారట. కొత్త గది, కొత్త ముఖాలు. గురువారం ఏదో, కాని రోజు ఏదో ఆయనకి తెలియకుండా పోయింది. ముద్ద ముట్టడం మానేశాడు. ఇరవై మూడు రోజులు. చివరి చొక్కా నువ్వే తొడిగి, కాలరు సర్దావట. ఎన్ని చొక్కాలు సర్దిన చేతులు నీవి! ఆ రోజు టీవీలో ఆ వార్త ఒక్క నిమిషం కూడా రాలేదు. గేటులో ఉన్న రుచి శవంలో ఉండదు కదా.

మరి కబురు ఎలా పొక్కిందంటావా? నువ్వు నాకు ప్రార్థన చీటీ పంపావు, దేవుడికి చెప్పుకున్నదాన్ని నోరు విప్పడమని నువ్వు లెక్కేయలేదు. "మా అమ్మగారు ప్రతి గురువారం ఏటి ఒడ్డు గేటు దగ్గరికి వెళ్ళి, ఏడ్చిన ముఖంతో తిరిగొస్తుంది. ఆవిడ కోసం ప్రార్థించు. ఎందుకని అడగకు, ఎవరికీ చెప్పకు." మన పద్ధతి నీకు తెలుసు, వచ్చిన ప్రతి చీటీ పేరు తీసేసి పైకి చదువుతాను, అందరూ మోకాళ్ళ మీద పడి ప్రార్థిస్తారు. పేరు చెప్పకపోతే గుట్టు విప్పినట్టు కాదనుకుని నీదీ చదివాను. హాల్లో ముప్పై మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరో ఊహించి ఉంటారు, ఎవరి చెవిలోనో వేసి ఉంటారు. ఎవరని పట్టుకోగలం? అంతేగాని మీ ఆయన తప్పు ఇసుమంతైనా లేదు. ఆయన్ని పిలువు.

మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ క్షేమం కోరే,
అన్నయ్య

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. హాల్లో ముప్పై మంది మీదికి తోసిన మాట అబద్ధం. నీ చీటీ నేను అక్కడ చదవనే లేదు.

హాల్లో చీటీలు చదివే రోజుకి ముందు రోజు మంత్రిగారి తాలూకు పెద్దమనిషి ఒకాయన కూతురి మిషను పట్టుకుని కొట్టుకొచ్చాడు. నా ముందు స్టూలు మీద కూర్చుని "గురువుగారూ" అన్నాడు. బడి ముఖం సరిగా చూడని నన్ను ఆ మాట అన్నవాడు మరొకడు లేడు. మనిషి లేవబోతుంటే, ఇంకాసేపు కూర్చోబెట్టుకోవాలనిపించింది. మా చెల్లెలు ఎవరి దగ్గర పని చేస్తుందో తెలుసా అన్నాను. చొక్కా జేబులోంచి చీటీ తీసి చేతికిచ్చాను. ఆయన అడగలేదు చెల్లీ. నేనే ఇచ్చాను.

శనివారం షెడ్డులో మీ ఆయన కాళ్ళు పట్టుకుని ఇది చెప్పబోయాను. ఆయనకి మొదటి రోజే తెలుసట. ఆ ఫొటో తీసినవాడే, "అంతా మీ బావగారి చలవే" అని నవ్వాడట. మరి నీ భార్య సంచీ బయట పెడుతుంటే నోరెందుకు విప్పలేదయ్యా అంటే, చక్రం నట్టు బిగిస్తూ, "మొగుడు పోతే తిట్టుకుంటూ అయినా బతికేస్తుంది బావగారూ. అన్నయ్య కూడా పోతే ఎవరితో చెప్పుకుని ఏడుస్తుంది? వదిలేయండి" అన్నాడు. నీకు చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. గ్రంథంలో, తండ్రి తాగి నగ్నంగా పడి ఉంటే చూడకుండా వెనక్కి నడిచొచ్చి బట్ట కప్పిన కొడుకుల మీద ఇరవయ్యేళ్ళు ప్రసంగాలు చేశాను. అలాంటి మనిషిని కళ్ళారా చూసింది ఆ షెడ్డులోనే.

ఆయనకిచ్చిన మాట తప్పుతున్నాను. ఈ ఉత్తరం అమ్మగారికి కూడా చూపించు. నాకు జవాబు రాయకు. లారీ రోజూ పొద్దున ఆరింటికి బయల్దేరుతుంది, అంతకుముందే షెడ్డుకి వెళ్ళు.