పిట్ట ముట్టింది

నవంబర్ 9, 1994

నాన్న పోయి మూడో రోజు. ఇవాళ పిట్టకు పెట్టారు, కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్లకు తృప్తి అట. యూనివర్సిటీ క్యాంపస్‌లో మా క్వార్టర్ వెనక పెరట్లో విస్తరేసి, నాన్నకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. కోడికూర, తార్నాక నుంచి తెచ్చిన మిర్చి, సీసాలో కల్లు, పక్కన ఒక బీడీ. మేమంతా దూరంగా నిలబడ్డాం. కాకి మాణికేశ్వర్ నగర్ వైపు గోడ మీద కూర్చుంది గానీ దిగదు. మా నాన్న లచ్చయ్య మనసులో ఏదో కోరిక ఉండిపోయిందన్నారు చుట్టాలు. ఎంకన్న పెద్దనాన్న ముందుకొచ్చి, తమ్మీ, నీ నౌకరి నీ కొడుక్కే ఇప్పిస్తం, ఫికర్ జెయ్యకు, అని దండం పెట్టాడు.

దరిద్రపు కాకి, అప్పుడే దిగింది! పిట్ట ముట్టింది, పిట్ట ముట్టింది అని ఒకటే ఏడుపులు, ఒకటే సంతోషం.

నాన్న యూనివర్సిటీలో అటెండర్. సర్వీసులో ఉండగా పోయాడు కాబట్టి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఒక్కరికే. మా తమ్ముడు దిలీప్ టెన్త్ తప్పి తార్నాక చౌరస్తాలో తిరుగుతుంటాడు. కూతుర్ని నేను డిగ్రీ ఫస్ట్ క్లాస్, టైప్ హయ్యర్. నాకైతే క్లర్క్ పోస్టే రావచ్చు. కాకికి ఇవన్నీ ఏం తెలుసు?

నవంబర్ 10

నాన్న రోజూ పొద్దున్నే పెరట్లో జొన్నలు, సజ్జలు చల్లేవాడు. ఇవాళ కూడా పిచ్చుకలు, గువ్వలు వేళకు వచ్చి కూర్చున్నాయి. పదకొండో దినం దాకా గింజ వెయ్యొద్దట. కడుపు నిండితే పిట్ట ఆ రోజు ముట్టదట. పెద్దనాన్న కట్టె పట్టుకుని తోలుతున్నాడు. నాన్న బతికుండగా అక్కడ చప్పట్లు కూడా కొట్టనిచ్చేవాడు కాదు. ఒళ్లు మండిపోతోంది.

నవంబర్ 12

దిలీప్‌తో మాటలు బంద్.

నవంబర్ 14

ఉద్యోగం దరఖాస్తు మీద సంతకం పెట్టాల్సింది అమ్మ. నా పేరు రాయించమ్మా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. నోట్లో నాలుక లేదా ఈమెకు! నాన్న ఉన్నప్పుడూ ఇంతే.

నవంబర్ 17, సాయంత్రం

ఇవాళ పదకొండో రోజు, పెద్ద దినం. మళ్లీ విస్తరి, మళ్లీ గోడ మీద కాకి. పెద్దనాన్న మళ్లీ దండం పెట్టబోయాడు. నాకు కోపం ఆగలేదు. లోపలికి పోయి జొన్నల డబ్బా తెచ్చి పెరడంతా కుమ్మరించాను. నాయినా, నీ నౌకరి నేను జేస్త, ఇష్టమైతే ముట్టు, అని అరిచాను.

ఇన్నాళ్ల ఆకలి మరి. పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు, చివరికి చిలకలు కూడా దిగాయి. ఒక్క కాకి మాట వింటారు, ఇన్ని పిట్టల మాట వినరా అని అడిగాను. జొన్నలేస్తే ఏ పిట్టయినా వస్తది, ఆడపిల్లవు నీకు గంత నోరేంది, అన్నాడు పెద్దనాన్న. కోడికూర పెడితే ఏ కాకయినా వస్తది అన్నాను. మా మేనత్త లింగమ్మ బుగ్గలు నొక్కుకుంది. దిలీప్ నవ్వాడు, వెధవ.

అప్పుడు అమ్మ లేచింది. గొంతు కూడా పెంచలేదు. సచ్చిపోయినాయన్ను మీరడిగిన్రు, ఇదీ అడిగింది, బతికున్న నన్ను ఒక్కలన్న అడిగిన్రా, అంది. ఏడో తరగతి పాసైన, అటెండర్‌కు గా సదువు సాలు, ఆయన నౌకరి నేనే జేస్త, అంది.

పిట్ట ముట్టిందో లేదో ఎవరూ చూడలేదు.

నవంబర్ 18

పెద్దనాన్న ఊరికి పోయాడు. కోపం తగ్గలేదు. ఎవరి మీదో తెలియడం లేదు.

మార్చి 6, 1995

అమ్మ డ్యూటీలో చేరింది. గడప దాటుతూ, ఎమ్మే ఎంట్రన్స్ ఫారం తెచ్చుకో పో, అంది. చదువుతావా అని నన్ను అడగలేదు.